మూత్రం ఎవరిదో డీఎన్ఏ చెప్పాలంటే, డబ్బా పట్టిన రోజే ఆ సంగతి అనుకోవాలి

శ్రీకాకుళం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, ఉద్దానంలో కిడ్నీ పరీక్షలు నడిపే డాక్టర్లకు, పరిశోధకులకు బహిరంగ లేఖ

నమస్కారం.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, యూరిన్ డబ్బా చూడని ఇల్లు అరుదు. కొబ్బరితోటల మధ్య అరుగు మీద కూర్చోబెట్టి బీపీ చూడటం, రక్తం తియ్యటం, డబ్బా చేతికిచ్చి దొడ్లోకి పంపటం అక్కడ మామూలు పని. ఇన్ని డబ్బాలు చేతులు మారే చోట ఎప్పుడో ఒకప్పుడు "ఇది నాది కాదు బాబూ, మా తమ్ముడిదై ఉంటాది" అనే మాట రాక తప్పదు. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చే రాష్ట్రంలో కిడ్నీ రిపోర్టు మీద ఎవరి పేరుందన్నది చిన్న విషయమేం కాదు. అలాంటి మాట రాగానే పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు "డీఎన్ఏకి పంపితే తేలిపోద్ది కదా" అంటారు.

తేలచ్చు. కానీ మామూలుగా మనం మూత్రం పట్టే తీరులో, దాచే తీరులో చాలాసార్లు తేలదు. ఎందుకు తేలదో, తేలాలంటే ఏం చెయ్యాలో, అసలు ఎప్పుడు ఆ జోలికే పోనక్కర్లేదో ల్యాబుల్లో పనిచేసేవాళ్లుగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాం.

మూత్రానికి సొంతంగా డీఎన్ఏ ఉండదు. అందులో కొట్టుకొచ్చే కణాల్లో ఉంటుంది. మూత్రనాళం గోడల నుంచి, బ్లాడర్ నుంచి, కిడ్నీ గొట్టాల నుంచి రాలిన కణాలు, వాటితోపాటు కొన్ని తెల్లకణాలు. ఒక మిల్లీలీటరు రక్తంలో తెల్లకణాలు 40 లక్షల నుంచి కోటి పైదాకా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మగవాడి మూత్రంలో మిల్లీలీటరుకు అన్ని కణాలూ కలిపి కొన్ని వందల నుంచి కొన్ని వేలు. ఆడవాళ్ల మూత్రంలో యోని ప్రాంతపు కణాలు కూడా కలుస్తాయి కాబట్టి డీఎన్ఏ ఎక్కువ దొరుకుతుంది. ఒకే ల్యాబులో ఒకే కిట్‌తో చేసినా భార్య శాంపిల్ పలికి భర్త శాంపిల్ పలకకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అది టెక్నీషియన్ చేతకానితనం కాదు.

డీఎన్ఏలో కొన్ని చోట్ల మళ్లీ మళ్లీ వచ్చే చిన్న అక్షరాల వరసలను (ఎస్టీఆర్‌లను) లెక్కపెట్టి మనిషిని గుర్తించే ఎస్టీఆర్ కిట్లకు అర నానోగ్రాము నుంచి ఒక నానోగ్రాము డీఎన్ఏ చాలు. ఒక కణంలో ఉండేది సుమారు 6.6 పీకోగ్రాములు. అంటే 150 కణాలుంటే ఒక నానోగ్రాము. వినడానికి ఎంతో తేలికగా ఉంది. కానీ ఆ 150 కణాలూ పగలకుండా, కుళ్లకుండా, కడిగేటప్పుడు కారిపోకుండా, చివరికి ట్యూబులో డీఎన్ఏగా మిగలాలి. దారిలో పోయేవి ఎక్కువ.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది సెంట్రిఫ్యూజ్ దగ్గర. కిడ్నీ నుంచి ప్రొటీన్ కారుతోందా అని చూసే అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి కోసం పట్టిన మూత్రాన్ని తిప్పి, పైతేట తీసి చిన్న వయళ్లలో పోసి, మైనస్ 20లోనో మైనస్ 80లోనో పెడతారు. అడుగున సన్నగా, తెల్లగా, గోరు మీద సున్నపు మచ్చంత మడ్డి మిగులుతుంది. దాన్ని సింకులో కడిగేస్తారు. అల్బుమిన్ పరీక్షకు అదే సరైన పద్ధతి, తప్పు పట్టడానికేం లేదు. కానీ మనిషి గుర్తు ఉన్నది ఆ మడ్డిలోనే. రెండేళ్ల తర్వాత ఫ్రీజర్ తెరిచి "ఈ వయల్ ఎవరిదో చూడండి" అంటే మా చేతికి వచ్చేది గింజ రాలిపోయిన ఊక. పైతేటలోనూ కొంత డీఎన్ఏ తేలుతూ ఉంటుంది, నిజమే. అది చాలావరకు చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. మామూలు ఎస్టీఆర్ కిట్లో కొన్ని ముక్కలు 400 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) దాకా పొడవు ఉండాలి. అందుకే చిన్న గుర్తులు పలుకుతాయి, పెద్దవి రాలిపోతాయి. చిన్న ముక్కలతోనే పనిచేసే మినీ ఎస్టీఆర్‌లతోనో, ఒక్కో అక్షరం తేడాను చూసే ఎస్ఎన్‌పీ గుర్తులతోనో ప్రయత్నించవచ్చు. కానీ 2 మిల్లీలీటర్ల పైతేటతో ఫలితం వస్తుందని మేం మాటివ్వలేం.

రెండో నష్టం తిప్పకముందే జరుగుతుంది. మూత్రంలో డీఎన్ఏని కోసేసే న్యూక్లియేజ్ ఎంజైములు ఉంటాయి. వాటికి మెగ్నీషియం కావాలి. ఆపైన బ్యాక్టీరియా. మే నెలలో డబ్బాను బండి డిక్కీలో పెట్టి పీహెచ్‌సీకి తెచ్చేసరికి లోపల పెరిగేది బ్యాక్టీరియా, తరిగేది మనిషి కణాలు. ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. అలాంటి శాంపిల్‌ను నానోడ్రాప్‌లో (ఎవరి డీఎన్ఏ అని చూడకుండా మొత్తం కొలిచే యంత్రంలో) చూస్తే డీఎన్ఏ బోలెడంత ఉన్నట్టు కనబడుతుంది. అదంతా బ్యాక్టీరియాది. ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ల మూత్రంలో మరీనూ. అందుకే మనిషి డీఎన్ఏని మాత్రమే లెక్కపెట్టే రియల్ టైమ్ పీసీఆర్ (డీఎన్ఏని కాపీలు తీస్తూ కొలిచే పద్ధతి) చెయ్యకుండా నేరుగా ఎస్టీఆర్‌కు వెళ్లే ల్యాబుకు శాంపిల్ పంపకండి.

న్యూక్లియేజులను ఆపేది ఈడీటీఏ. మెగ్నీషియాన్ని పట్టేసుకుని వాటి పని ఆపేస్తుంది. 0.5 మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కావాలంటే డైసోడియం ఈడీటీఏ 18.6 గ్రాములు తూచి, నీళ్లలో వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 8కి తేవాలి. 8 దగ్గరికి రానిదే పొడి కరగదు. కరగలేదని ఇంకా నీళ్లు పోసేస్తే మోలారిటీ పోతుంది. 50 మిల్లీలీటర్ల మూత్రానికి ఈ ద్రావణం 2 మిల్లీలీటర్లు కలిపితే సుమారు 19 మిల్లీమోలార్ అవుతుంది, సరిపోతుంది. రక్తం తీసే ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది కదా, మూత్రం అందులో పోస్తే పోలా అని అడిగేవాళ్లున్నారు. దాంట్లో ఉన్నది 3 మిల్లీలీటర్ల రక్తానికి గడ్డకట్టకుండా చూడటానికి. ఆ మోతాదు మూత్రానికి తక్కువ, ఆ 3 మిల్లీలీటర్ల మూత్రంలో దొరికే కణాలు అంతకంటే తక్కువ.

ఈడీటీఏ కలిపిన మూత్రాన్ని మిగతా పరీక్షలకు వాడకూడదు. కాల్షియం, మెగ్నీషియం లెక్కలు తప్పుతాయి. అందుకే డీఎన్ఏ కోసం వేరే డబ్బా పెట్టమంటున్నాం. 24 గంటల మూత్రంలో కాల్షియం చూడటానికి యాసిడ్ వేసిన డబ్బా ఉంటే, దాన్ని డీఎన్ఏ కోసం అసలు అడగకండి. యాసిడ్‌లో డీఎన్ఏ చెడిపోతుంది. అలాగే వాడిన డబ్బాలను బ్లీచింగ్ నీళ్లతో కడిగి మళ్లీ వాడటం. బ్లీచింగ్ మిగిలితే ఈ మనిషి డీఎన్ఏ పోతుంది, సరిగ్గా కడగకపోతే పాత మనిషిది మిగులుతుంది.

పట్టడంలోనూ ఒక తిరకాసు ఉంది. కిడ్నీ పరీక్షకు "మొదట కొంచెం వదిలేసి మధ్యది పట్టండి" అంటాం. డీఎన్ఏకి కావలసిన కణాలు ఎక్కువగా ఆ వదిలేసిన మొదటి ధారలోనే కొట్టుకుపోతాయి. రెండూ ఒకే డబ్బాలో సాధ్యం కాదు. మొదటి 20–30 మిల్లీలీటర్లు ఒక డబ్బాలో, ఆ తర్వాతది ఇంకో డబ్బాలో పట్టమని చెప్పాలి. కళ్లు సరిగా కనబడని ముసలాయనకు రెండు డబ్బాలిచ్చి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో ఆశా కార్యకర్తలను అడగండి. మూతల రంగులు వేరుగా ఉంటే సగం తిప్పలు తగ్గుతాయి.

ఇక ల్యాబులో పని. చల్లబెట్టిన మూత్రంలో యూరేట్ మడ్డి కడుతుంది, కణాలు అందులో ఇరుక్కుంటాయి. ముందు 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి నెమ్మదిగా తిరగేసి కలపాలి. తర్వాత 3,000 జీ బలంతో 15 నిమిషాలు తిప్పాలి. ఇక్కడ జీకి (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో), ఆర్పీఎంకి (నిమిషానికి ఎన్ని చుట్లో) తేడా తెలియక చెడగొట్టేవాళ్లు ఎక్కువ. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న రోటార్‌లో 3,000 ఆర్పీఎం అంటే సుమారు 1,500 జీ మాత్రమే. 3,000 జీ రావాలంటే 4,200 ఆర్పీఎం పైన తిప్పాలి. మైక్రోస్కోపు కింద చూడటానికి మామూలుగా తిప్పే 400 జీ అయితే దీనికి అస్సలు చాలదు. పైతేట మొత్తం వంచెయ్యకుండా అర మిల్లీలీటరు మిగల్చాలి, లేకపోతే మడ్డి కూడా జారిపోతుంది. ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌తో రెండుసార్లు కడగాలి. ఈ కడుగుడు ఎగ్గొడితే యూరియా మిగిలిపోతుంది. పీసీఆర్ ఆగిపోవడానికి అదొక్కటి చాలు. ఆ పైన ప్రొటీన్లను కరిగించే ఎంజైము ప్రొటీనేజ్ కె వేసి 56 డిగ్రీల దగ్గర కణాలు పూర్తిగా కరిగేదాకా ఉంచి, డీఎన్ఏని సిలికా కాలమ్‌లో పట్టి, చివర్లో 30 నుంచి 50 మైక్రోలీటర్లలోకే దింపాలి. 200 మైక్రోలీటర్లలోకి దింపితే ఉన్న కాస్త డీఎన్ఏ పలచబడిపోతుంది.

శాంపిల్‌ను గడ్డకట్టించే ముందే మడ్డి తీసి పెట్టుకోవాలి. మూత్రాన్ని అలాగే గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే కణాలు పగిలి డీఎన్ఏ నీళ్లలోకి వచ్చేస్తుంది. అప్పుడు తిప్పినా అడుగున ఏమీ దొరకదు. కరెంటు పోయి వచ్చే ఫ్రీజర్ చేసే పనీ ఇదే, ఎవరూ చూడకుండా. ఈ పనంతా జరుగుతున్నప్పుడు మూత్రం వెయ్యని ఖాళీ ట్యూబు ఒకటి పక్కనే మొదటినుంచి చివరిదాకా నడవాలి. అందులో ప్రొఫైల్ (మనిషిని గుర్తుపట్టే ఆ ఎస్టీఆర్ గుర్తుల పట్టిక) వచ్చిందంటే అది ల్యాబులో మనిషిది. ఇంత తక్కువ డీఎన్ఏతో ఆడేటప్పుడు టెక్నీషియన్ తుమ్ము కూడా ప్రొఫైల్ ఇస్తుంది.

ప్రొఫైల్ వచ్చింది. దేనితో పోల్చాలి? ఇది చాలామంది మర్చిపోయే ప్రశ్న. ఆ మనిషి బుగ్గ లోపలి నుంచి తీసిన స్వాబ్ గానీ, కార్డు మీద ఆరబెట్టిన రక్తపు చుక్క గానీ లేకపోతే మూత్రం ప్రొఫైల్ ఒక్కటే ఉండి లాభం లేదు. ఆ స్వాబ్ తీసే రోజున మనిషి ఎవరో కార్డు చూసి నిర్ధారించుకోవాలి, లేకపోతే తప్పు ఒక మెట్టు పైకి ఎక్కుతుందంతే.

ప్రొఫైల్‌ను చదవడంలో ఉద్దానానికి ప్రత్యేకంగా మూడు చిక్కులున్నాయి. మొదటిది కిడ్నీ మార్పిడి. తల్లి కిడ్నీ ఇచ్చిన కొడుకు మూత్రంలో ఇద్దరు మనుషుల డీఎన్ఏ వస్తుంది. కొడుకు బ్లాడర్ కణాలు, తల్లి ఇచ్చిన కిడ్నీ కణాలు. సంగతి తెలియని ల్యాబు "శాంపిల్ కల్తీ అయింది" అని రాస్తుంది. ఫారం మీద "కిడ్నీ మార్పిడి జరిగిందా? ఎవరు ఇచ్చారు?" అనే గడి లేకపోతే ఆ రాత ఒక నిజాయితీపరుడి మీద పడుతుంది. పెళ్లయిన ఆడవాళ్ల శాంపిల్‌లో భర్త కణాలు కనబడటం కూడా మామూలే. దానికీ కథలల్లకండి.

రెండోది మేనరికాలు. పూర్తి ప్రొఫైల్ వస్తే, అంటే ఇరవైకి పైగా చోట్ల గుర్తులు పలికితే, అన్నదమ్ములు కూడా విడిపోతారు (ఒకే రూపు కవలలు తప్ప). కానీ మూత్రంలో తరచూ వచ్చేది సగం ప్రొఫైల్. నాలుగైదు చోట్లే పలికితే లెక్క మారిపోతుంది. ఒక్కో చోట ఇద్దరు అన్నదమ్ములకు అమ్మానాన్నల నుంచి అదే జత రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఎలాగూ ఉంది. అమ్మానాన్నలు ముందే మేనరికమైతే అది ఇంకా పెరుగుతుంది. డబ్బాలు తారుమారయ్యేది ఎక్కడ? ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద. అంటే విడదీయడం ఎక్కడ కష్టమో సరిగ్గా అక్కడే డీఎన్ఏని అడుగుతున్నాం. అందుకే సగం ప్రొఫైల్ మీద "సరిపోయింది" అని ఎవరైనా రాసిస్తే, ఎన్ని చోట్ల పలికింది, అన్నదమ్ముల లెక్క వేశారా అని అడగండి. ఆ ఇంట్లో మిగతావాళ్ల స్వాబ్‌లు కూడా ఉంటేనే ఆ లెక్కకు అర్థం.

మూడోది ఆడా మగా చెప్పే అమెలోజెనిన్ గుర్తు. ఎక్స్ ముక్క 106 బేస్‌లు, వై ముక్క 112. చిన్నవి కాబట్టి చెడిపోయిన మూత్రంలోనూ పలుకుతాయి. ఆలుమగల డబ్బాలు తారుమారయ్యాయా అని చూడటానికి మొదటి అడుగుగా బాగానే పనికొస్తుంది. కానీ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశీలనలో 270 మంది భారతీయ పురుషుల్లో 5గురికి ఈ వై ముక్క లేనే లేదు. కాబట్టి వై కనబడలేదన్న ఒక్క ముక్కతో "ఇది ఆడమనిషిది" అని తీర్పు చెప్పకూడదు. వై క్రోమోజోము మీద ఇంకో గుర్తు కూడా చూడాలి.

డీఎన్ఏ చెప్పలేనివి కూడా ఉన్నాయి. మూత్రంలో నీళ్లు కలిపితే అది చెప్పదు, క్రియాటినిన్ చెబుతుంది. ఎప్పటి మూత్రమో చెప్పదు. పరాయి మూత్రంలో ఉమ్మి వేస్తే ఇద్దరి గుర్తులూ కనబడతాయి గానీ, ఎవరి మూత్రం, ఎవరి ఉమ్మి అన్నది ఈ ప్రొఫైల్ ఒక్కటే తేల్చదు.

ఇంతకీ ఈ పని ఎప్పుడు చెయ్యాలి? మామూలు స్క్రీనింగ్‌లో అనుమానం వస్తే మా సలహా చాలా చవకైనది. మనిషి ఊళ్లోనే ఉన్నాడు, ఇంకోసారి పట్టించండి. అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే జబ్బు అని ఒక్క శాంపిల్‌తో ఎలాగూ తేల్చరు, మూడు నెలలు నిలిచిందా అని చూడాలి. పైగా ఉద్దానం తరహా కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీ పాడవుతుంది కాబట్టి రక్తంలో క్రియాటినిన్ ఎలాగూ చూడాల్సిందే. రెండు రోజుల్లో కొత్త డబ్బా వచ్చే చోట డీఎన్ఏ రిపోర్టు కోసం వారాలు ఆగడం డబ్బు దండగ, రోగికి టైము దండగ.

వెనక్కి వెళ్లి మళ్లీ పట్టలేని చోట మాత్రం డీఎన్ఏకి సాటి లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముందు ఏడుగురు రష్యా మహిళా అథ్లెట్లను అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య సస్పెండ్ చేసింది. వేర్వేరు రోజుల్లో వాళ్ల పేరు మీద ఇచ్చిన మూత్రాల డీఎన్ఏ ఒకదానితో ఒకటి కలవలేదు. అది తేలిందంటే కారణం, ఆ సీసాలకు సీలు ఉంది, నంబరు ఉంది, దాచే పద్ధతి ముందే రాసిపెట్టి ఉంది. ఉద్దానంలో దానికి సాటి వచ్చేది ఏళ్ల తరబడి ఒకే మనిషిని వెంబడించే పరిశోధన. 2023 నాటి వయల్, ఈనాటి వయల్ ఒకే మనిషివేనా అన్నది తప్పితే కిడ్నీ ఎంత వేగంగా పాడవుతోందన్న లెక్క మొత్తం తప్పుతుంది. అక్కడ వివాదం వచ్చేదాకా ఆగకుండా కొన్ని వయళ్లను ఎస్ఎన్‌పీ గుర్తులతో మధ్యమధ్యలో సరిచూడటం మంచిది. అందుకు మడ్డిని పారెయ్యకుండా ఒక చిన్న వయల్‌లో మైనస్ 80లో ఉంచండి. పట్టిన ప్రతిసారీ మనిషికి ఒక వయల్ చాలు. ఫ్రీజర్‌లో పెద్ద చోటేం పట్టదు.

దీనికి అనుమతి వేరేగా తీసుకోవాలి. కిడ్నీ పరీక్షకు వేసిన వేలిముద్ర డీఎన్ఏకి చెల్లదు. డీఎన్ఏ టెక్నాలజీ బిల్లును 2023లో లోక్‌సభ నుంచి ఉపసంహరించుకున్నారు కాబట్టి ప్రత్యేక చట్టం అండ కూడా లేదు. పరిశోధన అయితే ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి, ఎథిక్స్ కమిటీ ఉంది. ఫారంలో తెలుగులో ఒక వాక్యం ఉండాలి: ఈ డీఎన్ఏని శాంపిల్ మీదేనా అని చూడటానికి తప్ప ఇంక దేనికీ వాడం. ఎవరు ఎవరి బిడ్డ అన్న ప్రశ్న జోలికి పోకూడదు. ఇంటిల్లిపాదివీ స్వాబ్‌లు తీసినప్పుడు ఆ సంగతి కోరకుండానే బయటపడే ప్రమాదం ఉంది. ల్యాబు నుంచి పీహెచ్‌సీకి వచ్చే కాగితంలో "సరిపోయింది", "సరిపోలేదు", "తేలలేదు" తప్ప నాలుగో మాట ఉండకూడదు.

చివరగా చీటీ. తారుమారయ్యే శాంపిళ్లలో ఎక్కువ భాగం అరుగు మీదే తారుమారవుతాయి. చీటీని మూత మీద అంటిస్తే, మూతలు మారిన క్షణం మనుషులు మారిపోతారు. డబ్బా ఒంటికే అంటించండి. ఖాళీ డబ్బాలకు ముందే చీటీలు అంటించి వరసగా పెట్టుకోవద్దు, మూత్రం చేతికొచ్చాక ఆ మనిషి ఎదుటే అంటించి, పైకి చదివి వినిపించండి. మార్కర్ రాత శానిటైజర్ తగిలితే చెరిగిపోతుంది, కాగితపు చీటీ ఐస్‌ప్యాక్ చెమ్మకు ఊడిపోతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న బార్‌కోడ్ స్టికర్లు కొనండి. ఒకే వీధిలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు అప్పారావులుండే ఊళ్లలో పేరు ఒక్కటే రాస్తే ఏం రాయనట్టే. తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరులో చివరి నాలుగు అంకెలు తప్పనిసరి. ఒక ఇంటి డబ్బాలన్నీ ఒకే కవరులో వెయ్యకుండా, ఒకరిది కట్టి సంచిలో పెట్టాకే రెండోవారికి డబ్బా ఇవ్వమని ఏఎన్ఎంలకు రాతపూర్వకంగా చెప్పండి. ఒక ఇంటికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. రోజుకు ఇన్ని ఇళ్లని పెట్టే టార్గెట్‌లో ఆ పది నిమిషాలు కలిపి ఇవ్వండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ల్యాబుల్లో పనిచేస్తున్న కొందరు టెక్నీషియన్లు, బయోకెమిస్ట్రీ అధ్యాపకులు